మొదటి ఏడాది మట్టి

ఆ కళల కాలేజీలో పాటకు చేరినా, ఆటకు చేరినా, నాటకానికి చేరినా, రంగులకు చేరినా, మొదటి ఏడాది ఎనిమిది వారాలు మట్టిగదిలో చేతులు పెట్టాల్సిందే. మట్టిగదిలో చేతులు పెట్టాలంటే ముందు మట్టత్త కంట్లో పడాల్సిందే. ఆమెకు అసలు పేరొకటి జీతాల కాగితం మీద ఉండేది కానీ, దాన్ని నోటితో పలికినవాళ్ళు లేరు. ప్రిన్సిపాలు గారికి కూడా ఆమె మట్టత్తే.

చదువు ఊరి బడిలో ఐదో తరగతి. ఒకే గది, ఒకే పంతులు, ఒకే బల్ల. ఆ బల్ల మీద మొదటి మార్కు ఎప్పుడూ ఆమెదే. ఇరవై ఆరేళ్ళప్పుడు మట్టి మోసే పనికి ఆ గదిలోకి వచ్చి, అరవై ఏళ్ళు నిండేదాకా అక్కడే ఉంది. ముప్పై నాలుగు బ్యాచ్‌లు. రెండు వేల మందికి పైగా పిల్లలు ఆమె పిసికి ఇచ్చిన మట్టితోనే మొదట తమ అరచెయ్యిని, తర్వాత ఒక మనిషి తలను చేశారు. నాలుగు రోడ్ల కూడలిలో గుర్రం మీద కూర్చున్న విగ్రహం చేసినతను మట్టి జారకుండా బొమ్మ లోపలి కర్రకు తీగ చుట్టడం ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. పెద్ద పెద్ద హాళ్ళలో నాట్యమాడే ఒకావిడ, ఒంటి బరువు ఏ కాలి మీద ఆనుతుందో తనకు తెలిసింది మట్టత్త మట్టి బస్తా మోయించినప్పుడేనని సభలో చెప్పింది. మట్టత్త ఆ మాట విని, "బస్తా మాత్రం సగం దూరమే మోసింది" అంది.

గోడ మీద సుద్దముక్కతో ఆమె స్వయంగా రాసిన రెండు వాక్యాలు ముప్పై ఏళ్ళు చెరగలేదు. చెరిగినప్పుడల్లా మళ్ళీ రాసేది. 'మట్టికి దాహం ఎక్కువ. గుడ్డ తడిపి కప్పి వెళ్ళండి.'

ఆ గదికి ఒక చట్టం ఉండేది. ఏడాది చివర మార్కులు వేశాక మొదటి ఏడాది పనులన్నీ పగలగొట్టి తొట్టిలో వేయాలి. సిమెంటు తొట్టి, నిలువెత్తు పొడవు, నడుం లోతు. అందులో నీళ్ళు పోసి నానబెడితే, సెలవులు అయ్యేసరికి ముక్కులూ చెవులూ అన్నీ కరిగి మళ్ళీ ముద్దవుతాయి. కొత్త పిల్లలకు అదే మట్టి. ఆ చట్టం పెట్టింది ఆ గదిలో బొమ్మలు నేర్పే పెద్దమాస్టారు. "మొదటి పనిని దాచుకున్నవాడు రెండో పని చెయ్యడు" అనేవారు ఆయన. పైగా పిల్లలు తలను గట్టిగా, ముద్దగా చేస్తారు కనుక అది బట్టీలో పెడితే పేలిపోతుంది. కాల్చి నిలపాలంటే నడినెత్తి దగ్గర తీగతో కోసి, లోపలి మట్టంతా గరిటెతో తోడి, బోలుగా చేసి మళ్ళీ అతకాలి. ఆ పని రెండో ఏడాదిలో గానీ నేర్పరు.

పెద్దమాస్టారు ఉన్నప్పుడే సుత్తి ఆమె చేతికి ఇచ్చారు, ఆయన పోయాక ఆ చట్టానికి కాపలా కూడా మట్టత్తే. ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు, కాళ్ళు పట్టుకునేవాళ్ళు పట్టుకుంటారు. "పోయిన ఏడాది ఒకడి ముక్కేరా ఇప్పుడు నీ బొటనవేలు. వాడు అడగలేదు, నువ్వెందుకు అడుగుతావ్?" అనేది. ఛైర్మన్ గారి మేనకోడలు చేసిన తలను అట్టేపెట్టమని చీటీ వస్తే, తలతో పాటు ఆ చీటీని కూడా తొట్టిలో వేసింది. ఆ సంగతి చెప్పుకోవడం ఆమెకు మహా ఇష్టం. ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదని, తన సొంత తమ్ముడికి కూడా ఇవ్వలేదని చెప్పేది. తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు కొంచెం తగ్గేది.

తమ్ముడికి మూడేళ్ళప్పుడు వాళ్ళమ్మ జ్వరంతో పోయింది. అప్పటికి ఆమెకు పదిహేను, తల్లికి ముప్పై మూడు. నాన్న అంతకు ముందే పోయాడు. ఆ రోజు నుంచి తమ్ముడికి అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఆమెదే, వీపు వాయగొట్టిన చెయ్యీ ఆమెదే. పెళ్ళి మాట ఎవరెత్తినా "వీడు గట్టెక్కనీ" అనేది. వాడు గట్టెక్కాడు. పెళ్ళి మాట మాత్రం ఒడ్డునే ఉండిపోయింది.

పద్దెనిమిదేళ్ళకు తమ్ముడు కాలేజీలో చేరాడు. ఆమె వచ్చాక అది ఐదో బ్యాచ్. నాటకం నేర్చుకుందామని వచ్చినవాడు మట్టిగదిలోకి అడుగు పెట్టాక నాటకం మర్చిపోయాడు. పెద్దమాస్టారు వాడి అరచెయ్యి బొమ్మను తిప్పి తిప్పి చూసి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమంటే మామూలు మాట కాదు. మట్టత్త ఆ రోజు ఇంటికి నడిచి వెళ్ళలేదు, తేలుతూ వెళ్ళింది.

తల చెయ్యాల్సిన వారాలు వచ్చాయి. ఎవరి తల చేస్తావురా అని అడిగితే, "అమ్మది" అన్నాడు.

"అమ్మని నువ్వెక్కడ చూశావురా? ఇంట్లో ఒక్క ఫొటో అయినా లేదు కదా."

"నువ్వు చూశావు కదక్కా. నువ్వు చెబుతూ ఉండు, నేను చేస్తూ ఉంటా."

మూడు వారాలు ఆమె తొట్టి గట్టు మీద కూర్చుని మట్టి పిసుకుతూ చెప్పింది. నుదురు ఇంత. కనుబొమలు ఇలా మొదలై ఇక్కడ పలచబడతాయి. నవ్వితే ఒక పక్కే నవ్వేది, రెండో పక్కకి తీరిక ఉండేది కాదు. వాడు ఆమె వంకే చూస్తూ వినేవాడు, చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. ఒక రోజు మధ్యాహ్నం ఆమె మాట మధ్యలో ఆగిపోయింది. పీట మీద అమ్మ ఉంది. ఆమె పైటతో చేతులు తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, "గుడ్డ కప్పు. ఆరిపోతుంది" అని బయటికి వెళ్ళిపోయింది.

కాలేజీలో గుసగుసలు మొదలయ్యాయి. "తమ్ముడు అక్క తలే చేశాడటగా? ఇంక దాన్ని తొట్టిలో ఏం వేస్తుంది, నెత్తిన పెట్టుకుంటుంది" అన్నాడు ఆఫీసు గుమాస్తా, ఆమె వింటుందని తెలిసే. ఆమెకు ఒళ్ళు మండింది. అది తన తల కాదు, అమ్మ తల అని ఎవరెవరికని చెబుతుంది? ముప్పై ఏళ్ళ ఆమె ముఖం, ముప్పై మూడేళ్ళకు పోయిన తల్లి ముఖం ఒకటేనన్న సంగతి ఆ ఊళ్ళో ఎవరికి తెలుసు?

పగలగొట్టే రోజు వచ్చింది. మార్కులు రిజిస్టరులోకి ఎక్కాయి. ఆ రోజుల్లో ఫొటోలు తీసే అలవాటు లేదు. బ్యాచ్ అంతా గోడవారన నిలబడింది, గుమాస్తా కూడా పని లేకపోయినా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె చెక్క సుత్తి తీసుకుని వరసగా వస్తోంది. తమ్ముడి పీట దగ్గరికి వచ్చేసరికి వాడు గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, దీన్నొక్కదాన్నీ వదిలెయ్యవా?"

"ఏం, దీనికేమైనా కొమ్ములున్నాయా?"

"అమ్మ కదక్కా."

"ఇది మట్టిరా. అమ్మ ఎప్పుడో పోయింది."

సుత్తి ఎత్తి కొట్టింది. ముద్దగా ఉన్న తల మీద దెబ్బ పడితే చప్పుడు ధప్పుమని మూగగా వస్తుంది. ఈ దెబ్బకు చప్పుడు అలా రాలేదు. ఖాళీ కుండ మీద కొట్టినట్టు వచ్చింది. పగులులోంచి చూస్తే లోపల చీకటి. వాడు ఎవరికీ చెప్పకుండా, మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్ళిన వేళల్లో, నడినెత్తి కోసి, గరిటెతో తోడి, గోడలు బొటనవేలి మందాన సమంగా పలచబరిచి, అతుకు కనబడకుండా మళ్ళీ మూశాడు. అక్క ఎప్పుడో సరదాగా చేసి చూపించిన పని అది. బట్టీలో పెట్టడానికి తలను సిద్ధం చేసి పెట్టి, ఆ తర్వాత అడిగాడు వాడు.

మట్టత్త చెయ్యి గాలిలో ఆగింది. గుమ్మంలో గుమాస్తా దగ్గాడు. ఆమె మళ్ళీ కొట్టింది.

తమ్ముడు అరవలేదు, అలగలేదు. ఆ పెంకుల్ని వాడే ఏరి తొట్టిలో వేశాడు. సెలవుల తర్వాత కాలేజీకి రాలేదు. పక్క పట్నంలో నీళ్ళ మోటార్లు బాగుచేసే షాపులో చేరి, కొన్నేళ్ళకు సొంత షాపు పెట్టుకున్నాడు. పెళ్ళి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు. అక్కంటే మర్యాదే. ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు, మరదలు చీర తెచ్చేది, పిల్లలు "అత్తా" అని మీద పడేవాళ్ళు. మట్టిగది గుమ్మం మాత్రం తొక్కేవాడు కాదు. పెద్దమాస్టారు పోయే ముందు, "నీ తమ్ముడు మళ్ళీ మట్టి ముట్టుకున్నాడా?" అని అడిగారట. ఆమె ఏం చెప్పిందో ఆమెకే తెలుసు.

ఆ తర్వాత తన గొప్పల్లో ఈ సంగతి కూడా చేర్చింది. సొంత తమ్ముడికీ చట్టం చట్టమే. బోలు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

రిటైర్మెంటు ఇంకో రెండు నెలలుందనగా ఒక పొద్దున తొట్టికి నీళ్ళు పెడుతూ అమ్మను తలుచుకుంది. ముఖం రాలేదు. చీర రంగు వచ్చింది, నడక వచ్చింది, పొయ్యి ఊదేటప్పుడు దగ్గే దగ్గు వచ్చింది. ముఖం దగ్గరికి వచ్చేసరికి తమ్ముడు చేసిన మట్టి తల వచ్చింది, దాని మీద పగులు వచ్చింది, అంతే. ఎన్నాళ్ళుగానో అమ్మను తలుచుకుంటున్నాననుకుంటూ ఆ మట్టి తలనే తలుచుకుంటోందన్న మాట. ఇంటికి వెళ్ళి అద్దంలో చూసుకుంది. అద్దంలో అరవై ఏళ్ళ ముసలమ్మ. అమ్మ ఆ వయసుకు రానే లేదు. ఆ అద్దం ఒకప్పుడు రోజూ చూపించింది అమ్మ ముఖమే. అప్పుడు ఆమెకు జుట్టు దువ్వుకోవడమే సరిపోయింది.

మట్టిగదికి కొత్తగా వచ్చిన మేడం చిన్న పిల్ల. వినయం గలది. "మట్టత్తా, వీడ్కోలుకి గోడగడియారం కొంటున్నారు. నీకు ఇంకేమైనా కావాలా?" అని అడిగింది.

"గడియారం ఎందుకు తల్లీ, నాకు టైమైపోయిందని చెప్పడానికా? బట్టీలో ఒక తల పట్టే చోటు ఇప్పించు. చాలు."

తమ్ముడికి ఫోను చేసింది. వెనక మోటారు రొద.

"ఏంటక్కా, ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది. నాలుగు రోజులు రావాలిరా."

"ఏం పని?"

"మట్టి పని."

మోటారు ఆగింది.

"నా చేతులకి నట్లూ బోల్టులూ తప్ప ఇంకేం తెలీదక్కా ఇప్పుడు."

"అమ్మ ముఖం నాకు గుర్తు రావట్లేదురా" అంది.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. నెత్తిన సగం జుట్టు తెల్లబడింది. "తొట్టి ఇంకా ఉందే!" అన్నాడు.

"నీకంటే అదే నయం. ఎక్కడికీ పోలేదు."

వాడు నవ్వాడు. ఆమె వారం నుంచి పిసికి, గాలి బుడగ లేకుండా చేసి, తడిగుడ్డ కప్పి ఉంచిన మట్టి ముద్దను పీట మీద పెట్టింది. మొదటి రోజంతా వాడి వేళ్ళు మొరాయించాయి. రెండో రోజుకు దారిలో పడ్డాయి. ఆమె తొట్టి గట్టు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.

"ముక్కు సూటిగా..."

"కొంచెం ఎడమకి వంగి ఉండేదన్నావు అప్పుడు."

"అన్నానా?"

"చిన్నప్పుడు బావి దగ్గర బొక్కెన తగిలిందన్నావు. కనుబొమలు చివర పలచబడతాయన్నావు. నవ్వితే రెండో పక్కకి తీరిక ఉండేది కాదన్నావు."

ఆమె చెప్పిన ప్రతి మాటా, ముప్పై ఏళ్ళుగా మట్టి ముట్టనివాడి దగ్గర భద్రంగా ఉంది. చెప్పిన మనిషి దగ్గరే లేదు. ఇంక ఆమె చెప్పడం మానేసింది, వాడే ఒక్కో మాటా పైకి అనుకుంటూ చేశాడు. మూడో రోజు సాయంత్రానికి తల పూర్తయింది. ముక్కు వంగింది, నవ్వు ఒక పక్కకే ఉంది, అన్నీ చెప్పినట్టే ఉన్నాయి. మట్టత్త ముందు నుంచి చూసింది, పక్క నుంచి చూసింది.

"ఎవర్రా ఈవిడ?" అంది.

వాడు చేతులు నీళ్ళలో ముంచి చాలాసేపు కడుక్కున్నాడు.

"అక్కా, నాకు అప్పుడు కూడా అమ్మ తెలీదు. నువ్వు చెబుతుంటే నిన్ను చూస్తూ చేశా. మాటలు చెవిలోనే ఉండిపోయాయి, చేతుల్లోకి రాలేదు. అమ్మ గురించి చెప్పేటప్పుడు నీ ముఖం వేరేగా ఉండేది. దాన్నే చేశా."

"మరి నేను అమ్మనే చూశాను కదరా ఆ రోజు!"

"నువ్వు అమ్మనే చూశావు. నేను నిన్నే చేశాను. అప్పుడు రెండూ ఒకటే. ఇప్పుడు ఎవర్ని చూసి చెయ్యమంటావు?"

బయట పిల్లలు ఏదో పాట సాధన చేస్తున్నారు, ఒకే చరణం దగ్గర తప్పుతున్నారు, మళ్ళీ మొదలుపెడుతున్నారు. ఆమె పైట కొంగు నలుపుతూ, "లోపల బోలుగా ఉందిరా ఆ రోజు" అంది. "నాకు తెలిసింది."

"నీకు తెలిసిందని నాకూ తెలుసు. మొదటి దెబ్బ చప్పుడుకే తెలిసిపోతుంది కదక్కా, చెవులున్నవాళ్ళకి. నువ్వు ఆగావు కూడా." వాడు తల వంచుకుని గోళ్ళలో మట్టి తీసుకుంటూ అన్నాడు. "ఆగి మళ్ళీ కొట్టావు. మొదటి దెబ్బకి నాకు కోపం రాలేదు."

గుమాస్తా దగ్గాడురా అని ఆమె చెప్పబోయింది. ఆ గుమాస్తా పోయి పదేళ్ళైంది. అతని దగ్గు కోసం కొట్టానని ఇప్పుడు ఎవరికి చెప్పుకుంటుంది?

నాలుగో రోజు పొద్దున, తమ్ముడు సంచీ సర్దుకుంటుంటే ఆమె అంది.

"ఎడమ చెవి తమ్మె చీలి ఉండేదిరా అమ్మకి."

"ఇది అప్పుడు చెప్పలేదే?"

"చెప్పలేదు."

"ఎందుకని?"

"నీకు ఏడాది కూడా లేదు. చంకలో ఉండి పోగు పట్టుకుని గుంజావు. తమ్మె రెండుగా చీలింది. రక్తం కారుతుంటే కూడా నిన్ను దింపలేదు. నవ్వింది. మళ్ళీ ఆ చెవికి పోగు పెట్టలేదు. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

వాడు సంచీ కింద పెట్టాడు. తల మీది ఎడమ చెవిని చెరిపేశాడు. కొత్త మట్టి తీసుకుని, ఈసారి ఆమె వంక చూడకుండా, ఏమీ అడగకుండా చేశాడు. తమ్మె దగ్గరికి వచ్చి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టుకుని, కిందికి గుంజాడు. మట్టి చీలింది. చీలిన రెండు అంచులు కొంచెం దూరంగా, లోపలికి ముడుచుకుని ఉన్నాయి.

మట్టత్త గబగబా వచ్చి దాన్ని తడిమింది. జ్వరంలో ఉన్న తల్లి పక్కన పడుకుని పదిహేనేళ్ళ పిల్ల రోజూ తడిమిన చోటు అది.

"ఇదీ" అంది. "ఇది అమ్మ."

"ముఖమో?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

వాడు మట్టి కోసే తీగతో చెవిని జాగ్రత్తగా వేరు చేసి ఆమె అరచేతిలో పెట్టాడు. సుత్తి ఎక్కడుందని అడిగాడు. ఆమె చూపించింది. ఒక్క దెబ్బకే పని అయిపోయింది. ముక్కలు ఇద్దరూ కలిసి తొట్టిలో వేశారు. "చట్టం చట్టమే కదక్కా" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేదనిపించింది ఆమెకు. బస్సు టైమైందని వెళ్ళిపోయాడు. ఈసారి మళ్ళీ ఎప్పుడొస్తావని ఆమె అడగలేదు.

చెవి పలచగా ఉంటుంది, బోలు చెయ్యక్కర్లేదు. నీడన ఆరనిచ్చి బట్టీలో ఒక మూల పెడితే రెండు రోజుల్లో ఎర్రగా, గట్టిగా బయటికి వచ్చింది. ఆఖరి రోజు సభ జరిగింది. నాట్యం చేసే ఆవిడ వచ్చి మాట్లాడింది, రెండు వేల మంది లెక్క ప్రిన్సిపాలు గారు రెండుసార్లు చెప్పారు, అందరూ చప్పట్లు కొట్టారు. గోడగడియారం కూడా ఇచ్చారు. గదిలోకి వెళ్ళి గోడ మీది అక్షరాలు మరోసారి దిద్ది, చెవిని గుడ్డలో చుట్టుకుంది. అలవాటు కొద్దీ గుడ్డను నీళ్ళ బకెట్లో ముంచబోయి ఆగింది. ముప్పై నాలుగేళ్ళలో ఆమె మట్టిని పొడిగుడ్డలో చుట్టడం అదే మొదటిసారి.

ఇంట్లో దాన్ని తలగడ పక్కన పెట్టుకుంది. "నీ కొడుకు వచ్చి వెళ్ళాడే అమ్మా. చేతులు బాగా మొరటు తేలాయి వాడికి" అంది. చీలిన తమ్మెను బొటనవేలితో రాస్తూ కళ్ళు మూసుకుని ముఖం కోసం ఎదురుచూసింది. చీర రంగు వచ్చింది, నడక వచ్చింది, పొయ్యి దగ్గరి దగ్గు కూడా వచ్చింది.